తిరుపతిలో ఆదివారం బ్రంచ్: వీధి చివరి కెఫెలో కొత్త వంటకాలు రుచి చూసే పద్ధతి

"గుడ్డు ఉడకనే లేదే, వెనక్కి పంపు," అంది అమ్మ. బాలాజీ కాలనీ వైపు ఒక చిన్న కెఫె. ఆదివారం, టైము పదకొండు. ఆమె ముందు ఎగ్స్ బెనెడిక్ట్ ప్లేటు ఉంది. ఫోర్కు తగిలీ తగలగానే పచ్చసొన పగిలి రొట్టె మీదుగా పారింది. ఆ వంటకం ఉండాల్సింది సరిగ్గా అలాగే. కానీ ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాన్న తన ముందున్న పాన్‌కేక్‌ను సగం తిని, "ఇంతకంటే మీ అమ్మ పోసే బెల్లం దోసె నయం" అని పక్కకు జరిపాడు. బిల్లు కట్టి, ఎవరి కడుపూ నిండకుండా ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాం.

తర్వాత రెండేళ్ళలో అవే వంటకాలను మా ఇంట్లోవాళ్ళే ఇష్టంగా అడిగి తెప్పించుకునే స్థితికి వచ్చాం. ఈ మధ్యలో మారింది వంట కాదు, మేం వెళ్ళే వేళ, ఎంచుకునే తీరు, తినే వరస. ఇడ్లీ, దోసె, పొంగలి, ఉగ్గాని తిని పెరిగిన కుటుంబం కెఫె బ్రంచ్‌ను నిజంగా ఆస్వాదించాలంటే ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: రోజు, వేళ, కడుపు

బ్రేక్‌ఫాస్ట్, లంచ్ రెండూ కలిపిన మాటే బ్రంచ్. 1895లో గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత ఒక వారపత్రికలో, ఆదివారం పొద్దున ఆలస్యంగా లేచేవాళ్ళకు ఇలాంటి భోజనం కావాలని వాదిస్తూ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. మాట కొత్తదేమో గానీ వేళ మనకు కొత్తది కాదు. మన పల్లెల్లో చేలో పనిచేసేవాళ్ళకు సద్ది తీసుకుపోయేది దాదాపు ఇదే పొద్దుకు. ఆ పూట సంగటి తిన్నవాళ్ళకు మధ్యాహ్నం దాకా ఇంకేమీ అక్కర్లేదు. బ్రంచ్‌ను కూడా ఆ లెక్కలోనే తీసుకోండి. అది టిఫిన్ తర్వాత తినే చిరుతిండి కాదు, టిఫిన్, భోజనం రెండింటి బదులు తినే ఒక్క పూట.

కెఫెకు పదిన్నరకల్లా చేరండి. ఆదివారం పదకొండున్నర దాటితే బల్లలు నిండిపోతాయి, వంటగది మీద ఒత్తిడి పెరుగుతుంది. గుడ్డు వంటకాలు క్షణాల లెక్కలో చెడతాయి కాబట్టి ఆ ఒత్తిడి నేరుగా ప్లేటులో కనిపిస్తుంది.

ఇక రోజు. తిరుపతిలో చాలా ఇళ్ళల్లో శనివారం స్వామివారి రోజు. నీసు ముట్టరు, కొందరు గుడ్డు కూడా తినరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే పెరటాసి నెలంతా ఇది ఇంకా గట్టిగా పాటిస్తారు. బ్రంచ్ మెనూలో సగం గుడ్డు మీదే నడుస్తుంది గనుక, మీ ఇంటి పట్టింపు ఏదైనా ఉంటే ఆదివారమే వెళ్ళండి. అలిపిరి మెట్లెక్కి దిగివచ్చిన రోజు మాత్రం పెట్టుకోవద్దు. 3,550 మెట్లెక్కిన ఆకలికి కావలసింది అన్నం. ఆ ఆకలితో ఏ టోస్టు ముందు కూర్చున్నా చిన్నబుచ్చినట్టే ఉంటుంది.

పొద్దున పూర్తిగా ఖాళీ కడుపుతో ఉండొద్దు. లేవగానే ఒక అరటిపండో, చిన్న గ్లాసు రాగి జావో చాలు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు టిఫిన్ మానేసి పదకొండు దాకా ఆగడం ప్రమాదం. వాళ్ళు ఇంట్లో వేళకు రెండు ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని వచ్చి, కెఫెలో పక్కవాళ్ళ ప్లేటులోంచి కొద్దిగా రుచి చూడాలి. మా నాన్నది ఇదే పద్ధతి.

రెండో అడుగు: కెఫెను చూసుకోవడం

ఎయిర్ బైపాస్ రోడ్డు వెంట పెద్ద అద్దాల కెఫెలు ఉన్నాయి, యూనివర్సిటీల చుట్టుపక్కల సందుల్లో పిల్లలు కూర్చునే చిన్నవీ ఉన్నాయి. మొదటిసారికి చిన్నదే మేలని నా అభిప్రాయం. అక్కడ వండే మనిషితో మాట్లాడొచ్చు. "ఇందులో ఏముంటుంది?" అని అడిగితే వంటగదిలోంచి జవాబొస్తుంది.

నేను చూసేవి మూడే. మెనూ చిన్నదిగా ఉండాలి. నూడుల్స్, బిర్యానీ, పిజ్జా, పాన్‌కేక్ అన్నీ ఒకే కార్డులో ఉంటే ఆ ఇంట గుడ్డు, వెన్నలతో చేసే హాలండైజ్ సాస్ తాజాగా చేస్తారని ఆశ పెట్టుకోను. గోడ మీద ఆహార భద్రతా లైసెన్సు, అంటే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ నంబరు కనబడాలి. మూడోది, "ఈరోజు బ్రెడ్ ఎప్పటిది?" అన్న ప్రశ్నకు తడబడకుండా జవాబు రావాలి. బ్రంచ్ అంతా రొట్టె మీద కట్టిన ఇల్లు. రొట్టె పాతబడితే పైన ఏం వేసినా నిలవదు.

మూడో అడుగు: మెనూలో చుట్టాలను వెతకడం

ఇదే అసలు పని, కాబట్టి నిదానంగా చూద్దాం. ప్రతి కొత్త వంటకానికీ మన వంటింట్లో ఒక చుట్టం ఉంటుంది. ఆ చుట్టరికం తెలిస్తే భయం పోతుంది. అయితే చుట్టరికం ఉన్నా, మనిషి వేరు. పాన్‌కేక్‌ను దోసెతో పోటీ పెడితే ఓడేది పాన్‌కేకే, మా నాన్న చేసింది అదే. దాని కొలత దానికుంది.

షక్షూకాతో మొదలుపెట్టండి. తెలుగు నాలుకకు ఇంతకంటే దగ్గరి బ్రంచ్ వంటకం నాకు కనబడలేదు. ఉత్తర ఆఫ్రికాలో, ముఖ్యంగా ట్యునీషియాలో పుట్టిన వంట ఇది. టమాటా, ఎర్రగడ్డ, క్యాప్సికం, జీలకర్ర, మిరప కలిపి గుజ్జుగా ఉడికించి, అందులో గుంటలు చేసి గుడ్లు కొట్టి మూత పెడతారు. మన టమాటా గుడ్డు కూరకు సొంత అక్క. దీని మంచితనం ఎలా తెలుస్తుందంటే, టమాటా పచ్చివాసన పోయి అంచుల్లో కొంచెం నూనె తేలాలి, గుడ్డు తెల్లసొన పూర్తిగా గట్టిపడాలి. మదనపల్లె టమాటా మార్కెట్టు ఇంత దగ్గరలో ఉండగా డబ్బాలోని టమాటా గుజ్జుతో చేసే కెఫెను నేను రెండోసారి ఎంచుకోను. ఇనప పెనంతోనే బల్ల మీద పెడతారు, పిల్లల చెయ్యి తగలకుండా చూడండి. రొట్టెను చేత్తో తుంచి ముంచుకునే తినండి. స్పూను, ఫోర్కు అవసరం లేదు.

ఫ్రెంచ్ టోస్ట్ తెలియనివాళ్ళు తక్కువ. మన బేకరీల్లో బాంబే టోస్ట్ పేరుతో ఎప్పటినుంచో ఉంది. గట్టిపడిన రొట్టెను పాలు, గుడ్డు కలిపినదాంట్లో నానబెట్టి వెన్నలో కాలుస్తారు. ఫ్రెంచివాళ్ళు దీన్ని "పోయిన రొట్టె" అని అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు. పారేయాల్సిన రొట్టెను నిలబెట్టిన వంట కాబట్టి. రాత్రి మిగిలిన అన్నాన్ని తాలింపు పెట్టుకునే మనకు, మిగిలిన ఇడ్లీని ఉప్మా చేసుకునే మనకు ఆ తెలివి బాగా అర్థమవుతుంది. కోసి చూడండి. లోపల పాయసంలా మెత్తగా ఉండాలి, పొడి రొట్టె తెల్లగా కనబడితే సరిగా నానలేదు.

పాన్‌కేక్ చుట్టం బెల్లం దోసె. కానీ ఇక్కడ పులుపు లేదు, పొంగించేది బేకింగ్ పౌడర్. అంచు కరకరలాడదు, అది తప్పు కాదు. వేడిగా, స్పాంజిలా, లోపల పిండి జిగురు లేకుండా ఉంటే మంచి పాన్‌కేక్. పైన పోసేది మేపుల్ సిరపా, పాన్‌కేక్ సిరపా అని అడగండి. మేపుల్ చెట్టు రసం సుమారు 40 లీటర్లు కాస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది, అందుకే ఖరీదు. చాలాచోట్ల ఇచ్చేది వాసన కలిపిన చక్కెర పాకం. అదే అయితే బదులు తేనె అడగండి, లేదా సిరప్ పక్కన గిన్నెలో పెట్టమనండి.

గళ్ళ అచ్చులో కరకరగా కాల్చే వాఫుల్ గురించి ఒక్క మాట: ఐస్‌క్రీం పైన వేయనివ్వొద్దు, పక్కన తెప్పించుకోండి. రెండు నిమిషాల్లో దాని కరకర పోతుంది.

అవకాడో అంటే మన జ్యూస్ షాపుల బటర్ ఫ్రూటే. తియ్యగా మిల్క్‌షేక్‌లో తాగిన పండును ఉప్పు, నిమ్మ, మిరపగింజలతో రొట్టె మీద తినడం మొదట వింతగా ఉంటుంది. దీనికి మన చుట్టం వెతికితే నాకు తోచింది ఒక్కటే, ముద్దపప్పు. తనకంటూ గట్టి రుచి లేకుండా, పక్కనున్నవాటిని మోసే మెత్తదనం. నిమ్మ తక్కువైతే చప్పగా ఉంటుంది, ఒక ముక్క అదనంగా అడిగి పిండుకోండి. మెదిపిన పండు గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. ప్లేటు వచ్చేటప్పటికే అలా ఉంటే ముందే మెదిపి పెట్టారని అర్థం.

దాని కింద ఉండే సౌర్‌డో రొట్టె ఇంకా దగ్గరి చుట్టం. మైదా, నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెట్టి, ఆ పులుపుతో పిండి పొంగిస్తారు. గాలిలో, పిండిలో ఉండే సూక్ష్మజీవులే పనిచేస్తాయి, మన దోసెపిండిలోలాగే. అందుకే నాలుక చివర చిన్న పులుపు. పైపెంకు గట్టిగా ఉంటుంది, పళ్ళ సెట్టు ఉన్న పెద్దవాళ్ళకు మెత్తని రొట్టె అడగడం మరవొద్దు.

హ్యాష్ బ్రౌన్ అంటే తురిమిన ఉర్లగడ్డ వేపుడు బిళ్ళ. పిల్లలకు ఇది ఇస్తే చాలు. వెన్న పొరలతో చేసే బన్ను లాంటి క్రోసాంట్‌ను మాత్రం మైక్రోవేవ్‌లో కాకుండా ఓవెన్‌లో వేడి చేయమని చెప్పండి. మైక్రోవేవ్‌లో పెడితే వెన్న పొరలు మెత్తబడి సాగుతుంది. గ్రనోలా బౌల్, మన పెరుగు అటుకుల లాంటిదే, వేసవిలో హాయి. మామిడి కాలంలో పండు ముక్కలు ఏ రకమో అడగండి. మన జిల్లాల తోతాపురి గుజ్జుకు పేరుపడ్డది గానీ, బౌల్‌లో ముక్కలుగా బంగినపల్లే బాగుంటుంది.

ఇక అమ్మ వెనక్కి పంపమన్న ఎగ్స్ బెనెడిక్ట్. ఇది 19వ శతాబ్దపు న్యూయార్క్ వంట. ఇంగ్లీష్ మఫిన్ అనే గుండ్రటి రొట్టెను రెండు చీలికలు చేసి కాల్చి, దాని మీద హామ్, పైన పెంకు లేకుండా నీళ్ళలో ఉడికించిన గుడ్డు, ఆపైన హాలండైజ్ సాస్. హామ్ అంటే పంది మాంసం, మన దగ్గర కెఫెల్లో చికెన్ కూడా వాడతారు కాబట్టి ఏదో అడిగి తెలుసుకోండి. పాలకూరతో చేసే రకాన్ని ఫ్లోరెంటైన్ అంటారు. హాలండైజ్ అంటే పచ్చసొన, కరిగించిన వెన్న, నిమ్మరసం సన్నని సెగ మీద కలిపి చిలికినది. సెగ పెరిగితే మజ్జిగ పులుసు విరిగినట్టే విరుగుతుంది. వెన్న విడిగా తేలుతూ కనిపిస్తే అది విరిగిన సాసు, నిస్సంకోచంగా మార్చమని అడగండి. తెల్లసొన గట్టిపడి, పచ్చసొన పారాలి, ఆ పారే సొన సాసుతో కలిసి రొట్టెకు అంటాలి. ఐదు నిమిషాల్లో తినేయాలి. ఫోటోల కోసం ఆగితే చల్లారి జిడ్డు కడుతుంది.

అయితే అమ్మ మాటలోనూ సగం నిజముంది. పూర్తిగా ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి మిగిలే అవకాశం ఉంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, వయసు పైబడినవాళ్ళు, జబ్బుతో నీరసించినవాళ్ళు పచ్చసొన పారే గుడ్డు తినకపోవడమే మంచిది. పూర్తిగా ఉడకని పచ్చసొనతో చేసే హాలండైజ్‌కూ ఇదే మాట. వాళ్ళకోసం షక్షూకాలో గుడ్డు గట్టిగా ఉడికించమని చెప్పండి. ఏ వంటగదీ కాదనదు.

నాలుగో అడుగు: గుడ్డు తిననివాళ్ళ కోసం అడగాల్సినవి

ఇది నాకు బాధతో తెలిసిన విషయం. ఒక పెరటాసి శనివారం, ఊళ్ళోని ఒక కెఫెలో, మెనూలో పచ్చచుక్క చూసి పెద్దత్తకు వాఫుల్ తెప్పించాను. సగం తిన్నాక సర్వ్ చేసే అబ్బాయి వచ్చి, పొరపాటున గుడ్డు పిండితో వేసింది ఇచ్చామని చెప్పాడు. ఆమె ఒక్క మాట అనలేదు. లేచి చేతులు కడుక్కుంది. ఆ రోజు ఇంకేమీ తినలేదు. అప్పట్నుంచి చుక్కను నమ్మి ఊరుకోను, నోటితో అడుగుతాను.

పాన్‌కేక్, వాఫుల్, ఫ్రెంచ్ టోస్ట్ మామూలుగా గుడ్డుతోనే చేస్తారు. ఎగ్‌లెస్ అని రాసి ఉంటే, పిండి విడిగా కలుపుతారా, పెనం విడిగా వాడతారా అని అడగండి. క్రోసాంట్, బన్ను పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారు, లోపల లేకపోయినా పైన ఉంటుంది. మయోనీస్ మన దేశంలో గుడ్డు లేనిదీ దొరుకుతుంది, ఏది వాడుతున్నారో తెలుసుకోవాలి. మార్ష్‌మాలో, కొన్ని పుడ్డింగుల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. అసలైన పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు.

అడిగేటప్పుడు చిరాకు వద్దు. "నాయనా, మా ఇంట్లో ఈరోజు గుడ్డు తినరు, వంటాయన్ని ఒకసారి కనుక్కుని చెప్తావా?" అంటే చాలు. శుద్ధ శాకాహారులకు షక్షూకాలో గుడ్డు బదులు పనీరు, పుట్టగొడుగుల టోస్టు, గుడ్డు లేని అవకాడో టోస్టు, గ్రనోలా బౌల్, ఇవి నిక్షేపమైన బ్రంచ్.

ఐదో అడుగు: ఆర్డర్ చేసే వరస

నలుగురు వెళ్తే నాలుగు ప్లేట్లు తలా ఒకటి చెప్పకండి. మొదటి రోజు మేం చేసింది అదే. మూడు కారం ప్లేట్లు, ఒక తీపి ప్లేటు చెప్పి, నలుగురూ పంచుకోండి. ఖాళీ ప్లేట్లు ముందే అడగండి.

అన్నీ ఒకేసారి తేవద్దని చెప్పడం చాలా ముఖ్యం. మొదట షక్షూకా, దానితో అదనంగా రొట్టె. అది సగానికి వచ్చాక అవకాడో టోస్టు గానీ, హ్యాష్ బ్రౌన్ గానీ. మూడోది మీ ధైర్యాన్ని బట్టి బెనెడిక్ట్ గానీ, ఆమ్లెట్ గానీ, అది వస్తూనే అందరూ ఒక్కో ముక్క తినేయాలి. తీపి ఎప్పుడూ చివర. సిరప్ నాలుక మీద పడ్డాక కారం ప్లేట్లు చప్పబడిపోతాయి.

ప్రతి ప్లేటు నుంచి మొదటి ముద్ద ఏమీ కలపకుండా తినండి. ఆ తర్వాతే కెచప్, మిరపగింజలు, ఉప్పు. మా అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, దానికి ఒక ఆట నేర్పాను: మొదటి ముద్ద తిని, ఇది ఇంట్లో దేనిలా ఉందో చెప్పాలి. సౌర్‌డో తిని "నిన్నటి దోసె" అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఆరో అడుగు: కాఫీ

కెఫె కాఫీ మీద మనవాళ్ళ ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే, వేడి లేదు. నురగ కట్టే పాలను సుమారు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆపుతారు. అంతకు మించి కాగితే నురగ చెడుతుంది, పాల సహజమైన తీపి తగ్గుతుంది. పొగలు కక్కే ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నోటికి అది గోరువెచ్చగా అనిపిస్తుంది. కావాలంటే ఎక్స్‌ట్రా హాట్ అనండి, నురగ కొంచెం తగ్గుతుంది, అంతే.

ఎస్‌ప్రెసో అంటే ఒత్తిడితో అరనిమిషంలోపు దింపిన చిక్కటి డికాషన్, 30 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. దాంట్లో వేడినీళ్ళు పోస్తే అమెరికానో. పాలు, మందంగా నురగ కలిస్తే కాపుచినో. పాలు ఎక్కువై నురగ పలచనైతే లాటే. మన ఫిల్టర్ కాఫీలో చికోరీ ఇచ్చే చిక్కదనం, ఆ వగరు వీటిలో ఉండవు. చక్కెర వేయకుండా ఇస్తారు, అడిగి వేసుకోండి. తెలుగు నోటికి మొదటి కాఫీగా కాపుచినో నా సలహా. కాఫీని తీపి ప్లేటుతో పాటే తెప్పించుకోండి. ముందే తాగితే ఆకలి చచ్చిపోతుంది.

ఏడో అడుగు: బిల్లు

మామూలు కెఫెలకు జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జి అని వేరే వరస కనబడితే, అది మీ ఇష్టం మీద ఆధారపడింది. బిల్లులో దానంతట అది కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. తీసేయమని అడగొచ్చు. బాగా చూసుకున్న అబ్బాయి చేతికి నేరుగా ఇచ్చే డబ్బు వేరే సంగతి, నేను తప్పకుండా ఇస్తాను.

ఎనిమిదో అడుగు: ఇంట్లో ఒకసారి

కెఫెలో నచ్చినదాన్ని అదే వారం ఇంట్లో చేసి చూస్తే, మరుసటి ఆదివారం దాని మంచిచెడ్డలు ఇంకా బాగా తెలుస్తాయి. షక్షూకా సులువు. రెండు చెంచాల నూనెలో ఒక ఎర్రగడ్డ, ఒక క్యాప్సికం సన్నగా తరిగి మగ్గించండి. నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, అరచెంచా జీలకర్ర పొడి, ఒక చెంచా కారం వేసి, బాగా పండిన టమాటాలు ఐదు తరిగి కలపండి. ఉప్పు వేసి, నీళ్ళు పోయకుండా, గుజ్జయ్యేదాకా పదిహేను నిమిషాలు ఉడకనివ్వండి. గరిటెతో నాలుగు గుంటలు చేసి నాలుగు గుడ్లు కొట్టి, మూత పెట్టి సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచండి. పైన కొత్తిమీర.

మా అమ్మ పది నిమిషాలు ఉంచుతుంది, పచ్చసొన గట్టిపడేదాకా. రొట్టె బదులు దోసెతో తింటుంది.